ముందు నీళ్లు, తర్వాతే పలక

(విజయనగరంలో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఆయాలకు నమస్కారం. ఆయాలు ముందుకి రండమ్మా, సగం మాటలు మీకే.

నీళ్లు, మట్టి, అక్షరం. మూడూ అరగంటలో చెప్పమన్నారు. నీళ్లతో, అంటే పిల్ల చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు పోసే పనితో మొదలెడతాను.

రెండు వేళ్ల ఎత్తు అంచున్న పళ్లెం ఒకటి. అందులో ముక్కున్న చిన్న చెంబు, ఒక గ్లాసు, పిల్ల అరచేతిలో పట్టేలా కోసిన స్పాంజి ముక్క. మన ఉగ్గుగిన్నె ఉంది చూడండి, అంతకంటే మంచి సామాను కొట్లో దొరకదు. ముక్కు ఎందుకంటే, చిన్నపిల్లలు భయంభయంగా, నెమ్మదిగా వంచుతారు. గుండ్రటి అంచైతే నీళ్లు గ్లాసులో పడకుండా గిన్నె ఒంటినే పట్టుకుని కిందికి జారిపోతాయి. తప్పు గిన్నెది, తిట్లు పిల్లకి. బుడితి ఇత్తడి చెంబు అందమే గాని, మూడేళ్ల చేతికి బరువు. స్టీలుదో ప్లాస్టిక్‌దో చాలు.

నీళ్లు 150 మిల్లీలీటర్లు, అంతే. గ్లాసులో 200 పట్టాలి. 150 దగ్గర గ్లాసుకి ఎర్ర రబ్బరు బ్యాండు వేయండి. గీత దాకా పోసి ఆగడమే పని. మొదటి వారం నీళ్లు వద్దు, బియ్యం పోయించండి. ఒలికినా ఏరుకోవచ్చు.

మీరు ఒక్కసారి చూపించండి. మెల్లిగా, నోరు మెదపకుండా. చెయ్యి చూడాలా, మాట వినాలా అని పిల్ల తికమకపడకూడదు. తర్వాత వెనక్కి జరగండి. ఒలికితే స్పాంజి ఉంది, ఆయమ్మ గుడ్డ పట్టుకుని పరుగెత్తక్కర్లేదు. తుడుచుకోవడం కూడా పాఠమే. ఇరవైసార్లు పోస్తే ఇరవైసార్లూ పోయనివ్వండి. "చాలు" అనకండి, "భలే" అని కూడా అనకండి. భలే అంటే గుంట గ్లాసు వదిలేసి మీ మొహం చూస్తుంది. సామాను ఒక్క జతే పెట్టండి, రెండోవాడు ఆగడం నేర్చుకుంటాడు. పని అయ్యాక నీళ్లు పారబోసేయండి. గదిలో నిండు బకెట్ మాత్రం ఉంచకండి, ఆ వయసు పిల్లలు బకెట్లో తల్లకిందులుగా పడితే లేవలేరు.

ఇంతకీ దీనివల్ల ఏటొస్తాది అంటారా? మణికట్టు తిరుగుతుంది. మూడేళ్లకి మణికట్టులో చాలా భాగం ఇంకా మృదులాస్థే, గట్టి ఎముక కాదు. ఆ చేతిని గుప్పిట్లో పట్టుకుని పలక మీద "అ" దిద్దిస్తున్నాం! "మా గుంటడికి ఏటి నేర్పినారు" అని సాయంత్రం తల్లి అడుగుతుంది, చూపించడానికి ఒక అక్షరం కావాలి. అందుకని చెయ్యి పట్టి దిద్దించడం. 1975 అక్టోబర్ 2న మన అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైనప్పుడు ఆరు సేవల్లో ఒకటిగా రాసుకున్నది అనియత పూర్వ ప్రాథమిక విద్య, అంటే బడి పాఠాల్లా కాకుండా బడికి ముందు నేర్పే చదువు. "అనియత" అన్న మాట ఎవరు చెరిపేశారో! పిల్లల్ని తమ చేతులతోనే నేర్చుకోనివ్వాలని చెప్పినవాళ్లు లేకపోలేదు: 1920లో గుజరాత్ భావనగర్‌లో గిజుభాయి పసిపిల్లలకి బాలమందిరం తెరిచాడు, 1939లో ఇటలీ విద్యావేత్త మాంటిసోరి మద్రాసు అడయారు వచ్చి బోధించింది. ఇంత జరిగినా మనం ఇంకా చెయ్యి పట్టి దిద్దిస్తూనే ఉన్నాం.

పోనీ, అక్షరమే కావాలా? "అ"తో ఎందుకండీ? ఎన్ని మెలికలో చూడండి. సున్నతో మొదలెట్టండి. తర్వాత ర, గ, ట. అట్ట మీద మెత్తటి ఇసుక కాగితంతో అక్షరం కోసి అంటించి, చూపుడు వేలు, మధ్య వేలితో రాసే దిశలోనే తడిమించండి. బరకగా ఉంటే వేళ్లు మండి పిల్ల మళ్లీ ముట్టుకోదు. ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్ల అయితే అక్షరం శబ్దం కంటే ముందు వస్తువు పేరు ఆ పిల్ల భాషలో అడగండి. గిడుగువారు సవర పిల్లలకు సవరలోనే బడి చెప్పించారు, ఆయన మన పర్వతాలపేట వారే.

లెక్కకి చింతపిక్కలు వాడతారు, మంచిదే. పది ఇచ్చి, పదీ డబ్బాలో పడ్డాకే పిల్లని లేపండి, లేకపోతే ఒకటి ముక్కులో ఉంటుంది. మూడేళ్ల లోపు వాళ్లకి పిక్కలే వద్దు. పలాస వైపు నుంచి వచ్చినవాళ్లు ప్రత్యేకంగా వినాలి: పచ్చి జీడిపిక్కలు ఎప్పుడూ వద్దు. తొక్కలోని నూనె తగిలితే చేతులు బొబ్బలెక్కుతాయి.

మట్టి సంగతి... టైం అయిందని చీటీ పంపారు. రెండు ముక్కలు. కుమ్మరి దగ్గర జల్లించిన బంకమట్టి తెచ్చి రాత్రి తడిపి, తడి గోనెలో చుట్టి ఉంచండి. వేళ్లకి అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు, కాసేపు ఆరబెట్టండి. పగుళ్లిస్తే తడి చాల్లేదు.

భోజనాలకి ముందు వెనక బల్ల దగ్గరికి రండి. ఆరు పళ్లేలు పెట్టించాం. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ చేత్తో పోయండి, ఎర్ర గీత దాకా. పక్కవాళ్లు మీ చెయ్యి పట్టుకోకూడదు. స్పాంజి పళ్లెంలోనే ఉంది.