బడ్జెట్‌లో ముందు ఎవరి వంతు?

సభకు నమస్కారం.

జీవితమంతా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. ఆ జీతం రాళ్లు ఎవరి వాటాలోంచి వచ్చాయో ఆలోచించమని నిర్వాహకులు ఇవాళ నన్ను పిలిచినట్టున్నారు. సరే, ఆలోచిద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువు కోసం ప్రభుత్వం చేతికి కొత్తగా డబ్బు వచ్చినప్పుడల్లా మొదటి వాటా ఆరేళ్లలోపు పిల్లలకు వెళ్లాలి. విశ్వవిద్యాలయాలకు ఇప్పటికే ఇస్తున్నదానిలో కోత పెట్టి మాత్రం కాదు. ఇది గోడమీద పిల్లివాటం కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాదని చూపించడానికే ప్రయత్నిస్తాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. బడ్జెట్ తయారయ్యే చోట ఇంతకు మించిన ఆర్థిక సూత్రం లేదు. విశ్వవిద్యాలయాలకు అడిగేవాళ్లున్నారు: ఉపకులపతులు, అధ్యాపక సంఘాలు, విద్యార్థి సంఘాలు, పెద్ద పదవుల్లో ఉన్న పూర్వ విద్యార్థులు. 2011లో చిలీ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఒత్తిడి ఫలితంగా 2016 నుంచి అక్కడ తక్కువ ఆదాయ కుటుంబాల వారికి ఉన్నత విద్య ఉచితమైంది. వాళ్లను తప్పుపట్టను, పోరాడి తెచ్చుకున్నారు. మూడేళ్ల పిల్లలు ఊరేగింపు తీయలేరు. వాళ్ల తల్లిదండ్రులేమో జీవితంలో ఇంకా నిలదొక్కుకోని వయసులో ఉంటారు. ఆ నలుగురూ కలిసి ఒక సంఘం పెట్టుకునే లోపు పిల్లలు ఒకటో తరగతికి వెళ్లిపోతారు.

దీని ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. యునిసెఫ్ 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారం, తక్కువ ఆదాయ దేశాల్లో ప్రభుత్వాలు చదువుపై పెట్టే ఖర్చులో అత్యంత పేద ఐదో వంతు విద్యార్థులకు దక్కుతున్నది 11 శాతం. అత్యంత సంపన్న ఐదో వంతుకు 42 శాతం. దీని వెనుక కుట్ర ఏమీ లేదు. పైచదువులకు వెళ్లేకొద్దీ ఒక్కో విద్యార్థిపై ఖర్చు పెరుగుతుంది, పేదింటి పిల్లలు అంతదాకా రాకముందే బడి మానేస్తారు. చివరిదాకా నిలిచినవాళ్లకే ఎక్కువ ముడుతుంది. 2022 నవంబరులో తాష్కెంట్‌లో జరిగిన యునెస్కో సమావేశంలో, విద్యావ్యయంలో కనీసం 10 శాతం పూర్వ ప్రాథమిక విద్యకు ఇవ్వాలని పాల్గొన్న దేశాలు ప్రకటన చేశాయి. ప్రకటనకు ఖర్చేముంది.

ఇంకో తేడా ఉంది, ఇది నాకు చాలా ముఖ్యం. పద్దెనిమిదేళ్ల విద్యార్థి తన రేపటి సంపాదన చూపించి ఇవాళ చదువుకోగలడు. ఆస్ట్రేలియా 1989లో ఆ పద్ధతి పెట్టింది. చదివేటప్పుడు ఫీజు కట్టనక్కరలేదు. తర్వాత ఆదాయం ఒక హద్దు దాటినప్పుడే పన్నుతో పాటు వసూలు చేస్తారు, దాటకపోతే అడగరు. మూడేళ్ల పాపకు అలాంటి అప్పు ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆమెకు ప్రభుత్వం ఉండాలి, లేదా డబ్బున్న తల్లిదండ్రులు ఉండాలి. మూడో దారి లేదు. అయితే ఈ అప్పుల పద్ధతిని సాకుగా వాడుకుని ప్రభుత్వాలు చేతులు దులుపుకొనే ప్రమాదం ఉంది. ఇంగ్లండ్‌లో 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు గరిష్ఠ పరిమితి 2012కల్లా 9,000 అయింది. అప్పు ఇచ్చే వీలుంది కదా అని తొమ్మిది రెట్లు చేయమని కాదు నేను అనేది.

ఇక రుజువుల సంగతి. ఈ అంశంపై మాట్లాడేవాళ్లందరూ మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతతో మొదలుపెడతారు. నాకది నచ్చదు. నలభై ఏళ్లకు కొత్త విద్య నేర్చుకున్నవాళ్లకు నేనే పాఠం చెప్పాను, పైగా చదువంటే వంచడమన్న ఊహే నాకు మింగుడుపడదు. సామెత పక్కన పెట్టి, పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన అధ్యయనాల దగ్గరికి వెళదాం.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో 1962లో పెర్రీ బడి ప్రయోగం మొదలైంది. 123 మంది పేద నల్లజాతి పిల్లలు. అందులో 58 మందికి మూడు, నాలుగేళ్ల వయసులో రోజూ ఉదయం రెండున్నర గంటల బడి, మిగిలిన 65 మందికి లేదు. ఐదారుగురు పిల్లలకు ఒక శిక్షణ పొందిన టీచరు. వారానికోసారి ఆ టీచరే పిల్లల ఇంటికి వెళ్లి తల్లితో కూర్చునేది. ప్రజ్ఞాలబ్ధిలో, అంటే ఐక్యూలో, వచ్చిన మెరుగుదల బడిలో చేరిన కొన్నేళ్లకే చెదిరిపోయింది. అక్కడితో ఆపి ఉంటే ప్రయోగం విఫలమైందని రాసేసేవాళ్లు. నలభై ఏళ్ల వయసుదాకా చూశారు కాబట్టి తెలిసింది: బడికి వెళ్లినవారిలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు, ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఎక్కువ, అరెస్టయినవాళ్లు తక్కువ. ఈ ఖర్చుకు ఏటా 7 నుంచి 10 శాతం ప్రతిఫలం వచ్చిందని నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ బృందం లెక్కగట్టింది. ఆ అంకెను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను, 58 మంది పిల్లల మీద ప్రపంచ దేశాల బడ్జెట్లన్నీ నిలబెట్టలేం.

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది జమైకా. 1986-87లో కింగ్‌స్టన్‌లో, పోషకాహారం చాలక ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. వయసు తొమ్మిది నెలల నుంచి రెండేళ్లు. కొందరికి పాల ఆధారిత పోషకాహారం, కొందరికి ఆట, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఆట అంటే ఇది: ఆరోగ్య కార్యకర్త వారానికోసారి ఇంటికి వస్తుంది, ఒక గంట ఉంటుంది. ఇంట్లో దొరికే పనికిరాని వస్తువులతో చేసిన బొమ్మలు తెస్తుంది. తాను ఆడించి ఊరుకోదు, తల్లి చేత ఆడిస్తుంది. వస్తువు పేరు చెప్పి చూపించమంటుంది, బిడ్డ ఏదో శబ్దం చేస్తే దానికి బదులు పలకమంటుంది, సరిగా చేసినప్పుడు తల్లినీ బిడ్డనూ మెచ్చుకుంటుంది. వెళ్లేటప్పుడు బొమ్మలు అక్కడే వదిలేస్తుంది. మరుసటి వారం వాటిని తీసుకుని కొత్తవి ఇస్తుంది. రెండేళ్లపాటు ఇంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆట దొరికిన పిల్లల సంపాదన దొరకని వారికంటే 25 శాతం ఎక్కువగా ఉంది. మొదటి నుంచీ ఆరోగ్యంగా పెరిగిన పిల్లలతో సమానమైంది. పోషకాహారం మాత్రమే అందినవారిలో ఈ దీర్ఘకాలిక లాభం కనిపించలేదు. 2014లో ఫలితాలు అచ్చయినప్పుడు చదివి, ఆ కార్యకర్తలకు ఏ డిగ్రీలూ లేవన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వాళ్లకు పనికి తగిన శిక్షణ ఇచ్చారు, ఆ పైన పర్యవేక్షణ ఉంది. అంతే.

అయితే బడి తెరిస్తే చాలు, పిల్లలు బాగుపడిపోతారా? లేదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం నాలుగేళ్ల పేద పిల్లలకు ఉచిత బడి పెట్టింది. సీట్లు చాలక లాటరీ తీసిన చోట్ల సీటు వచ్చినవారినీ రానివారినీ పరిశోధకులు పోల్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం ఆరో తరగతికి వచ్చేసరికి ఆ బడికి వెళ్లిన పిల్లలే పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులూ వారిమీదే ఎక్కువ. కెనడాలో క్యుబెక్ 1997లో రోజుకు ఐదు డాలర్లకే శిశు సంరక్షణ అందించింది. తల్లులు ఉద్యోగాలకు వెళ్లగలిగారు, అది చిన్న లాభం కాదు. కానీ పిల్లల్లో ఆందోళన, దుడుకుతనం పెరిగాయని ఆర్థికవేత్తలు తేల్చారు. సీట్లు పెరిగినంత వేగంగా మంచి కేంద్రాలు పెరగలేదు.

మరోవైపు బోస్టన్ నగర ప్రభుత్వ బడుల్లో 1997 నుంచి 2003 వరకు లాటరీలో సీటు వచ్చిన నాలుగేళ్ల పిల్లలను గమనిస్తే పరీక్ష మార్కుల్లో తేడా లేదు. హైస్కూలు కాగానే కాలేజీలో చేరినవారి వాటా మాత్రం 8 శాతం పాయింట్లు ఎక్కువ. విశ్వవిద్యాలయ మిత్రులు ఈ అంకె రాసుకోవాలి. మీ తరగతి గదిలోకి రేపు ఎవరు వస్తారన్నది పద్నాలుగేళ్ల ముందే కొంత తేలిపోతోంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు అర్థమైంది ఒక్కటే. ఈ వయసులో డబ్బు పెట్టి కొనగలిగేది పెద్దవాళ్ల శ్రద్ధ, అంటే ఒక మనిషి సమయం. ఎంత మంది పిల్లలకు ఒక మనిషి, ఆ మనిషికి ఏం నేర్పారు, వచ్చే ఏడాది కూడా అదే మనిషి ఉంటుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని పథకానికి నేను ఒక్క పైసా అడగను. ప్రభుత్వాలకేమో భవనాలంటే మోజు. రిబ్బను కత్తిరించడానికి గోడ కావాలి కదా. ముప్పై మంది పసివాళ్లను తక్కువ జీతానికి ఒక్కరి మీద వదిలేసి దానికి బడి అని పేరు పెట్టడం పేరు గొప్ప ఊరు దిబ్బ వ్యవహారం.

ఇప్పుడు కోత సంగతి. ఈ పొరపాటు ప్రపంచం ఇదివరకే ఒకసారి చేసింది. ప్రాథమిక విద్యపై ప్రతిఫలం ఎక్కువ, ఉన్నత విద్యపై తక్కువ అనే లెక్కలు చూపించి 1980లలో, 90లలో ప్రపంచ బ్యాంకు తన వైఖరి మార్చుకుంది. 1985-89లో దాని విద్యా వ్యయంలో ఉన్నత విద్యకు 17 శాతం ఉంటే, 1995-99కి 7 శాతానికి పడిపోయింది. ఆఫ్రికాలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయాలకు కొత్త పుస్తకాలు లేవు, ప్రయోగశాలలు మూలనపడ్డాయి, అధ్యాపకులు దేశాలు దాటి వెళ్లిపోయారు. ప్రాథమిక బడులకు టీచర్లను తయారుచేసే వారికి టీచర్లు ఎక్కడినుంచి వస్తారన్నది ఎవరూ లెక్కలో వేయలేదు. 2000లో ప్రపంచ బ్యాంకు, యునెస్కో కలిసి వేసిన కార్యదళం, ఆ లెక్కలు ఉన్నత విద్య విలువను తక్కువ చేసి చూపాయని నివేదించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఆ లెక్కల్లో లోపం ఎక్కడ? పట్టభద్రుల జీతం కొలిచారు, వాళ్లు చదివిన చోట జరిగే పరిశోధన కొలవలేదు. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2005లో, కణాలకు ప్రోటీన్ తయారీ సూచనలు మోసే ఎంఆర్‌ఎన్‌ఏ అనే అణువు మీద రాసిన పత్రాన్ని ఆనాడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పదిహేనేళ్ల తర్వాత కోవిడ్ టీకాలకు అది పునాది అయింది, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇలాంటి పని ఏ పట్టభద్రుడి జీతంలో కనిపిస్తుంది? అందుకే విశ్వవిద్యాలయం ఖర్చు అని ఒకే పద్దులో వేసేదాన్ని రెండుగా విడదీయాలి. పరిశోధనకు, అధ్యాపకుల తయారీకి ఇచ్చేది ప్రజలందరి ఖర్చు, దాన్ని ముట్టుకోకూడదు. ఫీజు సులభంగా కట్టగల కుటుంబాలకు కూడా ఇస్తున్న రాయితీ వేరు. అది పెంచాల్సి వచ్చిన ప్రతిసారీ ఆగి, ఆ పెంపును కింది వయసువారికి మళ్లించమని నా సూచన. పేద విద్యార్థుల ఉపకారవేతనాలు ఈ లెక్కలోకి రావు.

దీనికి విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని కూడా ఉంది. ఇంజనీరింగుకు, వైద్యానికి ఇచ్చే గౌరవంలో పదో వంతైనా పసిపిల్లల టీచర్లను తయారుచేసే శాఖకు ఇద్దామా? మూడేళ్ల బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఏడుస్తున్న బిడ్డను పక్కన పెట్టుకుని మిగిలిన ఐదుగురిని ఎలా ఆడించాలో తరగతి గదిలో ఉపన్యాసం విని నేర్చుకోలేరు. ఏడాదిపాటు పిల్లల మధ్య కూర్చోబెట్టి, పక్కన అనుభవజ్ఞురాలిని పెట్టి నేర్పాలి. అలా నేర్చుకుని వచ్చినవారికి ప్రాథమిక పాఠశాల టీచరుతో సమానమైన జీతం ఇవ్వాలి. లేకపోతే వాళ్లు రెండో ఏడు ప్రాథమిక పాఠశాలకే వెళ్లిపోతారు.

దీనికి చాలా ఖర్చవుతుంది. చిన్నపిల్లల చదువు చవకగా అయిపోతుందని చెప్పేవాళ్లను నమ్మవద్దు, టీచరు చేతిలో ఐదారుగురే ఉండాలంటే అది చవక ఎలా అవుతుంది? ఫలితం పదిహేను, ఇరవై ఏళ్లకు గాని కనిపించదు, మంత్రి పదవి అన్నాళ్లు ఉండదు. కాబట్టి ఒక్కో బిడ్డకు ఎంత అన్నది పథకంలో కాక చట్టంలో రాయాలి, ధరలతో పాటు పెరిగేలా రాయాలి. ఆ డబ్బు ఏ పన్నులోంచి తెస్తారని ఆర్థిక శాఖవారు అడుగుతారు. వాళ్లలో ఎవరైనా ఈ సభలో ఉంటే దయచేసి మైకు ముందు వాళ్లకే ఇవ్వండి.