గైడు వెనకాలే తొక్కుదాం

అందరికీ నమస్కారం. రేపు పొద్దున మొరం బాటల మీద సైకిళ్లతో బయలుదేరుతున్నాం కాబట్టి ముందుగా నాలుగు మాటలు చెప్పమన్నారు.

గ్రావెల్ సైక్లింగ్, అంటే తారు లేని కంకర, మట్టి బాటల మీద సైకిల్ తొక్కడం. దాని పేరు ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తోంది. అమెరికాలోని కాన్సాస్‌లో 2006లో మొదలైన 200 మైళ్ల రేసుకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. కానీ మన రైడ్ ఆ రేసుల లాంటిది కాదు. యూరప్ ఉత్తరాన స్వీడన్, ఫిన్లాండ్ అడవుల్లో గైడును వెంటబెట్టుకుని ఒక్కరోజులో చేసే రైడ్‌లకు ఇది దగ్గర. ఫిన్లాండ్ నేలలో సుమారు నాలుగింట మూడు వంతులు అడవే. కలప లారీల కోసం వేసిన కంకర రోడ్లే అక్కడ సైకిల్ దారులు. స్వీడన్‌లోనైతే అడవి ఎవరిదైనా సరే, పాడు చేయకుండా తిరిగే హక్కు అందరికీ ఉంది. 1994 నుంచి ఆ మాట రాజ్యాంగంలోనే ఉంది.

మనకు అలా కాదు. మన పక్కనే నల్లమలలో ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. లోపల పులి ఉంది, చిరుత ఉంది, ఎలుగుబంటి ఉంది, పెంటలు అని పిలిచే చెంచుల గూడేలున్నాయి. శ్రీశైలం రోడ్డు మీద కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు ఆపేస్తారు. అనుమతి లేకుండా లోపలికి పోతే నేరం. అందుకే మనం రిజర్వ్ లోపలికి పోవడం లేదు. అచ్చంపేట నుంచి రంగాపూర్ వైపు, ఉమామహేశ్వరం గుట్టలు కనిపిస్తూ ఉండగా, ఊళ్ల మధ్య బండ్ల బాటలు, చెరువు కట్టలు పట్టుకుని వెళ్తాం.

ఈమాత్రం దారికి గైడు ఎందుకు, ఫోన్లో మ్యాప్ ఉంది కదా అని కొందరు అడిగారు. బాట ఉందని మ్యాప్ చెబుతుంది. నిన్నటి వానకు అక్కడి నల్లరేగడి నానిందని చెప్పదు. ఆ మట్టి టైరుకూ, చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకూ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు, సైకిల్ భుజాన వేసుకోవాల్సిందే. దగ్గర్లోనే గట్టి మొరం బాట ఉందేమో ఆ ఊరి మనిషికే తెలుస్తుంది.

మనతో గైడులుగా వచ్చే తమ్ముళ్లిద్దరూ చెంచులు. దుమ్ములో అడుగు చూసి అది పందిదో కుక్కదో చెప్పేస్తారు. కొండముచ్చు గొంతు మార్చి అరిచిందంటే ఆగిపోతారు. చెట్టు మీది నుంచి దానికి చిరుతో పులో కనిపించి ఉండొచ్చు. వాళ్లు ఆగితే మనమూ ఆగాలి, మాట్లాడకూడదు. స్పీడు పోయిందని టెన్షన్ పడొద్దు. నా మటుకు నాకు ఆ ఆగిన నిమిషాల కోసమే ఈ రైడ్.

తపసి చెట్టు దగ్గర తప్పకుండా ఆపమన్నాను. తెల్లటి నున్నని బెరడు, దూరం నుంచే తెలుస్తుంది. దానికి గాటు పెట్టి బంక తీస్తారు. గాటు లోతైతే చెట్టు చచ్చిపోతుంది. ఎంతవరకు పెట్టాలో వాళ్ల నోటనే వినండి. ఇళ్ల దగ్గర అడగకుండా ఫోటోలు తీయకండి. సిగరెట్లు అసలు వద్దు. ఎండుటాకుకు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక సైకిల్ సంగతి. ఖరీదైనదే కావాలని లేదు, టైరు వెడల్పుగా ఉంటే చాలు. 40 మిల్లీమీటర్ల టైరుకు మామూలు బరువున్న మనిషైతే 35, 40 పీఎస్‌ఐ గాలి సరిపోతుంది. షాపులో గట్టిగా కొట్టించుకొస్తే మొరం మీద టైరు ఎగిరెగిరి పడుతుంది, పట్టు దొరకదు. దిగుడులో ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టకండి, బరువు వెనక్కి వేసి పెడళ్ల మీద నిలబడండి. తుమ్మముల్లు దిగి పంక్చరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలివైపు మెల్లగా వేలితో తడిమి చూడండి. విరిగిన ముల్లు కొస అక్కడే ఉండిపోతే రెండో ట్యూబూ పోతుంది. మేకల మంద ఎదురొస్తే దిగి పక్కకు నిలబడండి, కాపరి ముందు పోవాలి.

గైడులిద్దరికీ పూర్తి రోజు కూలి మనం కట్టిన డబ్బులోంచే ఇస్తున్నాం. మధ్యాహ్నానికే తిరిగొచ్చినా అందులో కోత ఉండదు. ఆరింటికల్లా అచ్చంపేట బస్టాండు దగ్గరికి రండి, రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. స్పేర్ ట్యూబు లేనివాళ్లు ఎవరో ఇప్పుడే చెయ్యెత్తండి, సర్దుబాటు చేస్తాం.