మిగిలిన గింజ మొలవాలంటే

శ్రోతలకు నమస్కారం.

1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడు యూరప్‌లో, ఈశాన్య అమెరికాలో ఎండాకాలమే సరిగా రాలేదు, పంటలు పోయాయి. అంతకంటే పెద్ద ఉపద్రవం వస్తే నిల్వ తిండి కొన్నాళ్లు గడుపుతుంది. ఆ తర్వాత ఏం విత్తాలి?

సిరియాలో అలెప్పో దగ్గరున్న, ఇకార్డా అనే పంటల పరిశోధన సంస్థ విత్తన నిధి యుద్ధంలో చిక్కుకుంది. నార్వేలో స్వాల్‌బార్డ్ కొండ లోపల మైనస్ 18 డిగ్రీల చలిలో ముందే దాచుకున్న అవే విత్తనాల రెండో ప్రతులను 2015లో తెప్పించుకుని, లెబనాన్, మొరాకోలలో పండించి, 2017లో కొత్త గింజ తిరిగి పంపారు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తనాలూ అక్కడున్నాయి. కానీ విమానం, కరెంటు లేని రోజున ఆ కొండ ఎవరికందుతుంది? ఊళ్లో ఉన్న గింజే గతి.

ముందు చూడాల్సింది రకం. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే చేలో ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ పోలిక ఉండదు, దిగుబడి పడిపోతుంది. సూటి రకాలే, అంటే దాచి వేసినా తల్లి మొక్కలాగే పండేవే దాచాలి. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి బెంగ లేదు. మొక్కజొన్న అలా కాదు. వేరే రకం చేను కనీసం 200 మీటర్ల దూరంలో ఉండాలి, విత్తనం 100కు తగ్గకుండా మొక్కల నుంచి తీయాలి. నాలుగు మంచి కండెలు చాలనుకుంటే కొన్నేళ్లకే పైరు గిడసబారుతుంది.

అసలు శత్రువు తేమ. సీసాలో మూడో వంతు గింజలు పోసి, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి ఒక నిమిషం బాగా ఊపండి. పావుగంటకు ఉప్పు గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, ఇంకా ఆరబెట్టాలి. అంటుకోకపోయినా వెంటనే మూత బిగించకండి. గాలి చొరబడని డబ్బాలో పెట్టాలంటే 8 శాతం లోపుండాలి. పచ్చి గింజను బిగిస్తే వేడెక్కి, బూజుపట్టి చస్తుంది. దానికంటే గోనెసంచే నయం. డబ్బా అడుగున మాడేదాకా వేయించిన బియ్యం గుడ్డలో మూటగట్టి వేస్తే తేమ లాగుతుంది. వేరుశనగను మాత్రం కాయలతోనే ఉంచాలి.

విత్తేముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి. వరిలో 80 మొలవాలి. సగమే మొలిస్తే విత్తన మోతాదు రెట్టింపు చేసి ఆ పంటకాలంలోనే వేసేయండి, ఇంకో ఏడాది దాచకండి.