చర్చా వేదిక: తీరం దగ్గర, పచ్చదనం నడుమ ఖాళీ స్థలం కొనేముందు

వ్యాఖ్యాత: 600 చదరపు మీటర్లు, వెనకాలే వాగు, పావుగంటలో సముద్రం. ప్రకటన ఊరిస్తుంది. అందులో ఇల్లు ఎంత జాగాలో లేస్తుందండీ?

సర్వేయర్: లెక్క వేద్దాం. వెడల్పు 20 మీటర్లు, లోతు 30 అనుకోండి. ముందు 6, పక్కలు చెరో 3, వాగు వైపు 15 వదలాలన్నారనుకుందాం. మిగిలేది 14 బై 9, అంటే 126 చదరపు మీటర్లు. డబ్బు మాత్రం 600కీ కడతారు. వదలాల్సిన కొలతలు చోటును బట్టి మారతాయి. వాగు గట్టయినా, సముద్రపు పోటు గీతయినా అధికారిక పటంలో చూసుకోవాలి, అమ్మేవాళ్లు చెయ్యి చూపించిన చోట కాదు.

వ్యాఖ్యాత: సెప్టిక్ ట్యాంకు కూడా ఆ 126లోనే పట్టాలా?

ఇంజినీర్: ముందూ పక్కలా వదిలిన జాగాలో కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, వాగు వైపు ఆశ పెట్టుకోవద్దు. అసలు చిక్కు ట్యాంకుతో కాదు, అందులోంచి వచ్చే నీరు ఇంకే చోటుతో. రెండు మీటర్ల గొయ్యి తవ్వించి, దాని గోడను పారతో గీకి చూడండి. గొయ్యి పొడిగా ఉన్నా, బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలు కనబడ్డాయంటే వానాకాలంలో నీరు అక్కడిదాకా ఎక్కుతోందన్నమాట. ఎండల్లో స్థలం చూసినవాళ్లకు ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. మచ్చలు అర మీటరు లోతులోనే మొదలైతే మామూలు ఇంకుడు ఏర్పాటు పనిచేయదు. మెరక పోసి కట్టాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది.

వ్యాఖ్యాత: ఇంకుడు పరీక్ష ఎలా చేస్తారు?

ఇంజినీర్: గుంతను ముందురోజు నీళ్లతో నానబెట్టాలి. మర్నాడు మళ్లీ నింపి, మట్టం అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడాలి. నానబెట్టకపోతే పొడిమట్టి గటగటా తాగేసి, లేని మంచి అంకె చూపిస్తుంది. బంకమన్నులో నీరు దిగదు. ముతక ఇసుకలో మరీ వేగంగా దిగి, శుద్ధి కాకుండానే భూగర్భ జలంలో కలుస్తుంది. ఇసుక నేల కదా, భయం లేదనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: బోరు సంగతి?

ఇంజినీర్: తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్రమట్టానికి 1 మీటరు ఎత్తులో ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల వరకు మంచినీరే. విపరీతంగా తోడి ఆ మట్టాన్ని అర మీటరు తగ్గిస్తే, కాలక్రమంలో ఉప్పునీరు 20 మీటర్లు పైకొస్తుంది. ఇక్కడ లోతుకు వెళ్లేకొద్దీ నష్టమే. చుట్టుపక్కల బోర్ల నీటికి ఎండాకాలం చివర్లో క్లోరైడ్ పరీక్ష చేయించండి, ఉప్పు ఎంత చేరిందో తెలుస్తుంది.

వ్యాఖ్యాత: దారి కళ్లముందే ఉంది కదా, ఇంకేం చూడాలి?

న్యాయవాది: బండి తిరుగుతోందని హక్కు ఉన్నట్టు కాదండీ. పక్క స్థలం మీదుగా వెళ్లే బాటైతే, రిజిస్టరైన పత్రంలో దాని వెడల్పు రాసుండాలి. నీటి పైపు, కరెంటు తీగ వేసుకునే హక్కు కూడా అందులో విడిగా ఉండాలి. నడిచే హక్కు ఇచ్చి పైపు ఊసెత్తని పత్రాలు ఉంటాయి.

సర్వేయర్: పౌర్ణమికో అమావాస్యకో పెద్ద పోటు వేళ వెళ్లి, దారి మునుగుతుందేమో చూసి రండి.

వ్యాఖ్యాత: అడవి అంచున అయితే?

ఇంజినీర్: మంటలు రేగే ప్రాంతాల్లో ఇంటి చుట్టూ 30 మీటర్ల దాకా పొదలు పలచన చేయమంటారు. మనం చెప్పుకున్న 20 మీటర్ల వెడల్పులో అది పొరుగువారి స్థలంలోకే పోతుంది. వాళ్లు కొట్టకపోతే మీరేం చేయలేరు. చెట్టు నరకడానికి అనుమతి కావాలేమో అదీ ముందే అడగండి. ఉప్పుగాలి తగిలే చోట కమ్మీలను కప్పే కాంక్రీటు మందం, అంటే కవరు, 50 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. సముద్రపు ఒడ్డు ఇసుక కాంక్రీటులో కలపనే కూడదు.

వ్యాఖ్యాత: బయానా ఎప్పుడివ్వాలి?

న్యాయవాది: నేల, నీరు, కట్టుబడి అనుమతి, వీటిలో ఏది తేడా వచ్చినా బయానా వెనక్కి అని ఒప్పందంలో రాయించాకే. గడువు పరీక్షలకు చాలినంత పెట్టాలి.

వ్యాఖ్యాత: గొయ్యి తవ్వనివ్వం అంటే?

న్యాయవాది: తవ్వేదీ పూడ్చేదీ మా ఖర్చుతోనే అని రాసివ్వండి. అప్పటికీ కుదరదంటే ఇంకో స్థలం చూసుకోవడమే.