పేకముక్కల మీద ట్రాయ్ వీరుడు, ఆర్థర్ కొలువు యోధుడు

[తెరపై: నాలుగు రాజు ముక్కలు వరుసగా]

పేకలోని నలుగురు రాజులు దావీదు, అలెగ్జాండర్, జూలియస్ సీజర్, మధ్యయుగపు ఐరోపా చక్రవర్తి షార్లమేన్ అని చెప్పే సందేశాలు ఫోన్లలో తరచూ కనిపిస్తుంటాయి. వాటిలో కొంత నిజం ఉంది. మన ఇళ్లలో రమ్మీ ఆడే పేక ఇంగ్లీషు సంప్రదాయానికి చెందినది కనుక అందులోని రాజులకు పేర్లు లేవు. ఫ్రాన్సులో నేటికీ వాడే పారిస్ శైలి పేకలో మాత్రం రాజు, రాణి, జాకీ బొమ్మల పక్కన ఒక్కొక్క పేరు అచ్చయి ఉంటుంది. ఇస్పేటు రాజు దావీదు, కళావరు రాజు అలెగ్జాండర్, డైమను రాజు సీజర్, ఆఠీను రాజు షార్లమేన్.

ఈ నలుగురినీ ఒకచోట చేర్చిన ఆలోచన పేకది కాదు. 1312 ప్రాంతంలో జాక్ ద లాంగ్వియోన్ అనే కవి, లోకంలోని మహావీరులు తొమ్మండుగురని ఒక పట్టిక కట్టాడు. క్రైస్తవానికి ముందరి అన్యమతస్థులలో గ్రీకుల చేతిలో ఓడిన ట్రాయ్ నగరపు వీరుడు హెక్టర్, అలెగ్జాండర్, సీజర్. యూదులలో యెహోషువ, దావీదు, యూదా మక్కబీయుడు. క్రైస్తవులలో బ్రిటన్ కథల రాజు ఆర్థర్, షార్లమేన్, మొదటి క్రూసేడు నాయకుడు గాడ్‌ఫ్రే. పురాణపురుషుడికీ చరిత్రపురుషుడికీ తేడా చూడని ఈ పట్టిక కోటగోడల మీది చిత్రాలలోకీ, తెరల మీది నేతపనిలోకీ ఎక్కింది. పేకలోని నలుగురు రాజులూ ఆ తొమ్మండుగురిలోని వారే.

[తెరపై: డైమను జాకీ]

విచిత్రమేమంటే అదే పట్టికలో ముందు నిలిచిన హెక్టర్ పేకలో రాజు కాలేదు, డైమను జాకీగా మిగిలాడు. మధ్యయుగపు పశ్చిమ ఐరోపా హెక్టర్‌ను తెలుసుకున్నది హోమర్ ఇలియడ్ ద్వారా కాదు. ఆ గ్రీకు కావ్యాన్ని నేరుగా చదవగలవారు అక్కడ దాదాపు లేరు. ట్రాయ్ యుద్ధాన్ని కళ్లారా చూశానని చెప్పుకొన్న డేరిస్ పేరిట ప్రచారమైన ఒక చిన్న లాటిన్ కథనాన్ని ఆధారం చేసుకుని, 1160ల ప్రాంతంలో బెన్వా ద సాంత్‌మోర్ సుమారు 30,000 పాదాల ఫ్రెంచి కావ్యం రాశాడు. అందులో హెక్టర్ కవచం తొడిగి గుర్రమెక్కిన మధ్యయుగపు సామంతుడిలా ఉంటాడు. మన రంగస్థలం మీద దుర్యోధనుడి పద్యానికి చప్పట్లు కొట్టినవారికి ఓడిన పక్షం మీద ఈ మమకారం వింతగా తోచదు గాని, ఇక్కడ అసలు కారణం వంశాభిమానం. ఫ్రాన్సుకు ఆ పేరు రావడానికి మూలమైన ఫ్రాంకులు ట్రాయ్ నుంచి తరలివచ్చినవారేనన్న కథ 7వ శతాబ్దం నాటికే ఉంది కనుక, హెక్టర్ వారికి పరాయివాడు కాడు.

[తెరపై: కళావరు జాకీ]

కళావరు జాకీ లాన్సెలాట్. ఆర్థర్‌కు పేకలో చోటు దక్కకపోయినా, ఆయన భార్యను ప్రేమించిన యోధుడికి దక్కింది! లాన్సెలాట్ గినివీర్ ప్రేమకథ మనకు మొదటిసారి కనిపించేది 1170ల చివర క్రెతియాఁ ద త్రువా రాసిన కావ్యంలో. అపహరణకు గురైన రాణిని వెదుకుతూ వెళ్లే లాన్సెలాట్, ఆమె జాడ తెలియాలంటే నేరస్థులను ఊరేగించే బండి ఎక్కాలని ఒక మరుగుజ్జు చెప్పినప్పుడు, రెండడుగుల దూరం మాత్రమే తటపటాయించి ఎక్కేస్తాడు. ప్రాణాలకు తెగించి కాపాడిన తరువాత రాణి అతడి ముఖం చూడదు. ఆ రెండడుగుల ఆలస్యమే అతడి నేరం. ప్రేమికుడి విధేయతను ఇంత నిర్దయగా తూచిన ఈ ఘట్టం, నా దృష్టిలో, తరువాత పుట్టిన ఎన్నో ఆర్థర్ కథల కన్నా పదునైనది.

ఇస్పేటు జాకీ ఓజియే షార్లమేన్ కథాచక్రంలోని డెన్మార్క్ వీరుడు. చదరంగం దగ్గర రేగిన తగవులో తన కొడుకును చక్రవర్తి కొడుకు చంపాడని, అతడు షార్లమేన్ మీదనే తిరగబడ్డాడు. ఆఠీను జాకీ లా ఇర్ మాత్రం కథల మనిషి కాదు; 1429లో ఓర్లియాఁ వద్ద జోన్ ఆఫ్ ఆర్క్‌తో కలిసి పోరాడి 1443లో మరణించిన సేనాని. రాణులలో పల్లాస్ గ్రీకుల అథీనా దేవి, యూదితు, రాహేలు యూదుల గ్రంథాలలోని స్త్రీలు. నాలుగో రాణి ఆర్జీన్‌కు చెప్పుకోదగ్గ కథ లేదు. ఫ్రెంచి విప్లవం ఉధృతంగా ఉన్న 1793-94లో రాజులూ రాణులూ పేకలోనూ పదవి కోల్పోయారు. వారి స్థానంలోకి స్వేచ్ఛ, సమానత్వం వంటి భావనల బొమ్మలు వచ్చాయి గాని, అవి ఎక్కువకాలం నిలవలేదు.

[తెరపై: ఇంగ్లీషు పేకలోని ఆఠీను రాజు]

ఇంగ్లండుకు చేరిన పేక పారిస్‌ది కాదు, ఫ్రాన్సులోనే ఉన్న రూఅఁ పట్టణపు శైలి. 1628లో లండన్ పేక తయారీదారుల సంఘానికి రాజశాసనం లభించి విదేశీ పేక దిగుమతి ఆగిపోవడంతో, అక్కడివారు పాత బొమ్మలనే చూసి మళ్లీమళ్లీ చెక్కుతూ పోయారు. అలా చెక్కడంలో ఆఠీను రాజు చేతిలోని గొడ్డలి తల మాయమై, పిడి కాస్తా కత్తిగా మారింది. ఆ కత్తి తన తలలోనే గుచ్చుకుంటున్నట్టు కనబడడంతో ఆయనకు ‘ఆత్మహత్య రాజు’ అన్న పేరు వచ్చింది. దీన్ని షార్లమేన్ చావుకు ముడిపెట్టే కథలు కూడా వినిపిస్తాయి. అది నకలు తీయడంలో జరిగిన పొరపాటు మాత్రమే. షార్లమేన్ 814 జనవరిలో ఆఖెన్‌లో జబ్బుపడి మరణించాడు.