కాలాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లీషు పత్రికను తడుముకోకుండా చదవగలిగిన వారు కూడా, 'మీరు ఎన్నాళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నారు' అని ఎవరైనా ఇంగ్లీషులో అడిగితే, జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగడం నేను తరచుగా గమనిస్తుంటాను. సిన్స్ అనాలా, ఫర్ అనాలా అన్నదే ఆ సంకోచం. తెలుగులో మనం 'నుంచి' అనే ఒక్క మాటతో నెరవేర్చుకునే పనిని ఇంగ్లీషు రెండు మాటలకు పంచి ఇవ్వడమే అందుకు కారణం.

మనం '2019 నుంచి' అంటాం, 'ఐదేళ్ళ నుంచి' అని కూడా అంటాం. మొదటిది పని ఎప్పుడు మొదలైందో చెబుతుంది, రెండవది ఎంత కాలం సాగిందో చెబుతుంది. ఇంగ్లీషులో మొదలుకు సిన్స్, నిడివికి ఫర్ వాడాలి. ఈ సూత్రం పాఠ్యపుస్తకాలలో ఉన్నదే గాని, మాట్లాడే వేళకు గుర్తుకు రాదు. అందుచేత తెలుగులోనే ఒక పరీక్ష చేసుకోవడం మేలని నా అభిప్రాయం. మీరు చెప్పదలచిన కాలానికి చివర 'గా' చేర్చి చూడండి. 'ఐదేళ్ళుగా', 'మూడు నెలలుగా', 'రెండు గంటలుగా' అని హాయిగా అనగలం. అక్కడ ఫర్ వస్తుంది. '2019గా', 'సోమవారంగా', 'చిన్నప్పుడుగా' అని ఎవరూ అనరు. అక్కడ సిన్స్ వస్తుంది.

అయితే మాట ఒక్కటి సరిచేసుకుంటే చాలదు, క్రియను కూడా మార్చుకోవాలి. 'ఐదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను' అన్నప్పుడు మన క్రియ వర్తమానంలోనే ఉంటుంది కాబట్టి 'ఐ యామ్ లివింగ్' అనేస్తాం. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషు వేరే రూపాన్ని కోరుతుంది: 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్'. ఈ వాక్యాన్ని నియమంగా కాక నోటికి అలవాటుగా, పదిసార్లు బయటికి పలికి నేర్చుకోవాలి.

బై, అన్‌టిల్ విషయంలో మాత్రం తెలుగు మనకు చక్కగా తోడ్పడుతుంది. 'శుక్రవారంలోగా ఇవ్వండి' అంటే బై ఫ్రైడే, 'శుక్రవారందాకా ఉండండి' అంటే అన్‌టిల్ ఫ్రైడే. రెంటికీ 'వరకు' అని అర్థం రాసుకున్న విద్యార్థులే తడబడతారు. 'గంటలో వస్తాను' అన్న మాట దగ్గర కూడా కొంత జాగ్రత్త అవసరం. మనకు అది గంట లోపల ఎప్పుడైనా కావచ్చు. ఇంగ్లీషులో 'ఇన్ యాన్ అవర్' అంటే సాధారణంగా ఇప్పటి నుంచి గంట గడిచాక అని. గంట లోపల అని చెప్పాలంటే వితిన్ అనాలి.

గడియారం చూసి చెప్పడం ఇంతకంటే సులువు. 'క్వార్టర్ టు సెవెన్' అచ్చంగా మన 'పావు తక్కువ ఏడు'. బ్రిటన్‌లో 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర అని తెలిస్తే చాలు.

అర్ధరాత్రి దగ్గర పొరపాటు జరిగితే నష్టం పెద్దది. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, వాడుకలో కూడా తెల్లవారితేనే మనకు మరునాడు. ఇంగ్లీషు తేదీ రాత్రి పన్నెండుకే మారిపోతుంది. ట్వెల్వ్ ఏ ఎమ్ అంటే అర్ధరాత్రి, ట్వెల్వ్ పీ ఎమ్ అంటే మధ్యాహ్నం. రైలు టికెట్టు మీద ఆదివారం తేదీతో 00:20 అని ఉంటే, శనివారం రాత్రే స్టేషనుకు చేరుకోవాలి.

తేదీ రాసే పద్ధతి కూడా అంతటా ఒకటి కాదు. 3/4 అని రాస్తే మనకూ బ్రిటన్‌కూ ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలకు ఇంకొక చిక్కు ఉంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అందువల్ల న్యూయార్క్‌కూ మనకూ తేడా ఆ నెలల్లో తొమ్మిదిన్నర గంటలు, మిగిలిన నెలల్లో పదిన్నర గంటలు. జూలైలో అక్కడ రాత్రి ఎనిమిది అయితే ఇక్కడ మరునాటి తెల్లవారుజామున ఐదున్నర. అక్కడి నుంచి 'టునైట్' అనో 'టుమారో మార్నింగ్' అనో కబురు వచ్చినప్పుడు, అది ఏ ఊరి రాత్రి, ఏ ఊరి రేపు అని అడిగి, తేదీతో పాటు ఊరి పేరు కూడా రాయించుకోండి.