బర్కత్‌పుర ఇల్లు, మిడ్‌సెంచరీ శైలి, ఎనామిల్ కింద దాగిన టేకు

అందరికీ నమస్కారం. అమెరికాలోని సన్నీవేల్‌లో మా రోజువారీ జీవితం గురించి చెప్పే ఈ ఛానల్‌లో ఈ వీడియోను హైదరాబాద్‌లోని బర్కత్‌పుర నుంచి చేస్తున్నాను. మా మామగారు 1960ల మొదట్లో కట్టించిన ఇల్లు ఇది. స్థలాన్ని డెవలప్‌మెంట్‌కు ఇచ్చేసి నాలుగు ఫ్లాట్లు తీసుకొమ్మని సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు, మాకూ మనసు రాలేదు. ఇంటిని ఉన్నదున్నట్టుగా నిలబెట్టి, లోపలి భాగాన్ని మాత్రం మిడ్‌సెంచరీ మోడర్న్ శైలిలో బాగు చేయించాలని నిర్ణయించుకున్నాము. పని మొదలైన కొద్ది రోజులకే తేలిన విషయం ఏమిటంటే, ఆ శైలికి కావలసినవాటిలో ఎక్కువ భాగం ఈ ఇంట్లోనే ఉన్నాయి. వాటి మీద తరవాతి కాలంలో పరిచినవి, పూసినవి, అంటించినవి తీసివేయడమే మా ఖర్చులో పెద్ద వాటా అయింది.

ఈ శైలి గురించి తెలియనివారి కోసం కొద్దిగా చెబుతాను. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945 నుంచి 1960ల చివరి వరకు అమెరికాలోనూ, డెన్మార్క్ వంటి స్కాండినేవియా దేశాల్లోనూ పెరిగిన ఇంటి, సామాను తయారీ పద్ధతి ఇది. యుద్ధకాలంలో అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు గాయపడినవారి కాళ్లకు కట్టే బద్దలను వంచిన ప్లైవుడ్‌తో అమెరికా నౌకాదళానికి తయారుచేసి ఇచ్చారు. అదే నైపుణ్యం తరవాత కుర్చీలకు మళ్లింది. 1956లో వచ్చిన వారి లౌంజ్ చెయిర్ ఇప్పటికీ తయారవుతూనే ఉంది. డెన్మార్క్‌లో హాన్స్ వెగ్నర్ 1949లో గీసిన విష్‌బోన్ కుర్చీ కూడా అంతే. నేలకు దగ్గరగా ఉండే ఎత్తు, కిందికి సన్నబడే కాళ్లు, చెక్కడపు పని ఏమీ లేని తిన్నని గీతలు, చెక్క మీద సహజంగా ఉండే రేఖలనే అలంకారంగా చూపడం దీని లక్షణాలు. మన పెళ్లిళ్లలో కానుకగా వచ్చే నగిషీల సోఫాకు ఇది పూర్తిగా ఎదురు దిక్కు.

సన్నీవేల్‌లో మా వీధికి దగ్గరలోనే జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టించిన ఇళ్లు ఉన్నాయి. ఆయన కాలిఫోర్నియాలో దాదాపు 11 వేల ఇళ్లు కట్టించారు. ధనవంతుల కోసం కాక, మధ్యతరగతి ఉద్యోగుల కోసం కట్టినవి కావడం నాకు నచ్చే సంగతి. చాలా ఇళ్లలో గోడలకు ఫిలిప్పీన్ మహాగనీ అని పిలిచే ఎర్రటి చెక్క పలకలు బిగించి ఉంటాయి, దూలాలు బయటికి కనిపిస్తాయి, వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు, లోపలికి వెళ్లగానే ఆకాశం కనిపించే ఒక చతురస్రపు ఖాళీ స్థలం ఉంటుంది. మొదటిసారి ఒక స్నేహితురాలి ఇంట్లో దాన్ని చూసినప్పుడు, అమెరికా వచ్చి మండువా ఇంట్లో కాలు పెట్టానేమిటని అనుకున్నాను.

హైదరాబాద్ ఆ కాలపు గాలికి దూరంగా ఏమీ లేదు. మహమ్మద్ ఫయాజుద్దీన్ రూపకల్పన చేసిన రవీంద్రభారతి 1961లో ప్రారంభమైంది. భారత ప్రభుత్వం పిలుపు మేరకు మన దేశమంతా తిరిగిన ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన నివేదికలో మన ఇళ్లలోని సాదా చెంబును గొప్ప రూపకల్పనగా మెచ్చుకున్నారు. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. చండీగఢ్ కార్యాలయాల కోసం స్విట్జర్లాండ్ ఆర్కిటెక్టు పియర్ జానరే 1950లలో టేకుతో, పేము అల్లికతో చేయించిన కుర్చీలు ఒకప్పుడు తుక్కు కింద పోయి, ఇప్పుడు విదేశీ వేలంపాటల్లో వేల డాలర్లు పలుకుతున్నాయి. మా మామగారి ఇంటిని మాత్రం పేరున్న ఆర్కిటెక్టు ఎవరూ గీయలేదు. ఒక డ్రాఫ్ట్స్‌మన్, ఒక తాపీ మేస్త్రీ, ఒక వడ్ల మేస్త్రీ కలిసి ఆనాటి అలవాటు ప్రకారం కట్టారు. అయినా మొజాయిక్ నేల, గోడలోనే అమర్చిన టేకు అల్మరాలు, కిటికీల పైన పొడవైన సజ్జలు, మెట్ల పక్కన సిమెంటు జాలీ, చేతులున్న పేము కుర్చీలు, అన్నీ ఆ శైలికి దగ్గరి చుట్టాలే.

అల్మరాలు, తలుపులు టేకువని మాకు పని మొదలుపెట్టాకే తెలిసింది. పండుగకో పెళ్లికో ఎనామిల్ మీద ఎనామిల్ వేస్తూ పోవడంతో అవి లేత నీలంగా, ఆ పైన గోధుమ రంగుగా మారి, అంచుల దగ్గర పెచ్చులు లేస్తున్నాయి. ఇలాంటి పాత రంగును మిషన్ పెట్టి పొడిగా గీకించవద్దని ఈ వీడియో చూస్తున్నవారందరికీ గట్టిగా చెబుతున్నాను. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇల్లు కొనేటప్పుడు ఆ విషయం తెలిపే పత్రాన్ని చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. మన దేశంలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. కాబట్టి 1960ల నాటి తలుపు మీద ఏముందో ఊహించుకోవచ్చు. హీట్ గన్‌తో కాల్చి తీయించినా సీసపు ఆవిరి లేచే ప్రమాదం ఉంటుంది. మేము రంగును మెత్తబరిచే ద్రావకం పూయించి, పలుచని రేకుతో తీయించి, చివరి పొరను తడి గరుకు కాగితంతో రుద్దించాము. పనివాళ్లకు మంచి మాస్కులు ఇచ్చాము, ఆ గదుల్లోకి పిల్లలను రానివ్వలేదు, రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వకుండా తడి గుడ్డతో ఎత్తించాము. పని నెమ్మదిగా సాగింది, కూలీ కూడా ఎక్కువే అయింది. కానీ నీలం రంగు కింద నుంచి లేత తేనె రంగులో చేవ బయటపడిన మధ్యాహ్నం, ఇంట్లో ఉన్నవారంతా పనులు ఆపి వచ్చి చూశారు.

కొన్ని తలుపుల అడుగు భాగం తడికి పాడైంది. టేకు చేవలో ఉండే సహజమైన నూనెలు, టెక్టోక్వినోన్ వంటి పదార్థాలు చెదను దగ్గరికి రానివ్వవు కాని, చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ బలం లేదు. పాడైనచోటల్లా అదే కనిపించింది. అతుకు వేయడానికి కొత్త టేకు కొందామని నేను అంటే, మా వడ్ల మేస్త్రీగారు ఒప్పుకోలేదు. “అమ్మా, కొత్త చెక్క ఈ పాతదాని పక్కన వేరుగా కనబడుతుంది. కూల్చిన ఇళ్ల కలప దొరుకుతుంది, అది తెచ్చుకుందాం” అన్నారు. ముషీరాబాద్ వైపు కలప డిపోలలో వెదికి, ఏదో పాత ఇంటి దర్వాజా దిమ్మలు కొన్నాము. మేకుల గుర్తులున్న ఆ దిమ్మలను ఆయన చిత్రిక పడుతుంటే లోపలి నుంచి మా తలుపుల రంగే వచ్చింది. ఒకచోట మాత్రం కొత్త టేకు తప్పలేదు. దానికి రంగు కలిపించమని నేను అడిగితే, “ఇప్పుడే వద్దమ్మా, కొన్నాళ్లు వెలుతురు తగలనివ్వండి, తనంతట తానే కలుస్తుంది” అన్నారు. ఆయన మాట నిజమే. కొత్తగా కోసిన టేకు మచ్చలు మచ్చలుగా ఉండి, వెలుతురుకు క్రమంగా బంగారు గోధుమ రంగుకు వస్తుంది. వాల్‌నట్ దీనికి విరుద్ధం, అది ఏళ్లు గడిచేకొద్దీ లేతబడుతుంది. రెండింటినీ పక్కపక్కన వాడేవారు ఈ తేడాను ముందే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు నగరంలో, ముఖ్యంగా కొత్త అపార్ట్‌మెంట్లలో, ‘మిడ్‌సెంచరీ’ అని అమ్ముతున్నదాని గురించి నా అభిప్రాయం చెబుతాను. వాల్‌నట్ బొమ్మ అచ్చువేసిన లామినేట్‌ను టీవీ గోడ నుంచి మంచం తలాపి దాకా అంటించి, పైన ఫాల్స్ సీలింగ్‌లో నీలి తెలుపు లైట్లు పెట్టి, కింద బూడిద రంగు టైల్స్ పరుస్తున్నారు. గది మొత్తం చెక్క రంగైపోతే చెక్క కంటికి ఆనదు. గదికి ఒకే ముఖ్యమైన చెక్క, దానికి తోడుగా మరొకటి చాలు; మిగిలిన గోడలు కొద్దిగా పసుపు కలిసిన తెలుపులో ఉంటే చెక్కలోని వెచ్చదనం తెలుస్తుంది. అచ్చమైన టేకు చెక్కకు బదులు వెనీర్, అంటే ప్లైవుడ్ మీద అంటించే పలుచని అసలు చెక్క పొర, వాడడంలో నాకు అభ్యంతరం లేదు, ఆ కాలపు డేనిష్ సామానులో కూడా వెనీర్ చాలా ఉంది. అయితే వెనీర్ పొర సాధారణంగా అర మిల్లీమీటరు మందమే కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ రుద్దించలేము. ఒకే గోడకు వేసే షీట్లను ఒకే దుంగ నుంచి వరసగా తీసినవి చూసి కొనకపోతే, రేఖలు కలవక గోడంతా అతుకుల బొంతలా కనిపిస్తుంది.

లైట్ల విషయంలో అత్తయ్యగారికీ నాకూ కొంత చర్చ నడిచింది. 6500 కెల్విన్ (లైటు రంగును కొలిచే ప్రమాణం) తెల్ల ట్యూబ్‌లైటు కింద టేకు బూడిదబారినట్టు కనిపిస్తుంది, 2700 నుంచి 3000 కెల్విన్ లైటు కిందనే దాని ఎరుపు, పసుపు బయటికి వస్తాయి. “ఆ పచ్చ లైటులో నేను పేపరు చదవలేనమ్మాయ్” అని ఆవిడ అన్నారు. చదవలేకపోవడానికి కారణం రంగు కాదు, వెలుగు తక్కువ కావడం. అందుకని ఆవిడ కుర్చీ పక్కన ఎక్కువ ల్యూమెన్లు ఇచ్చే 3000 కెల్విన్ లైటుతో ఒక స్టాండు పెట్టించాము. వంటింట్లో మాత్రం తెల్ల లైటు ఉండాల్సిందేనన్నారు, ఉంచేశాము.

కుర్చీల ఎత్తు కూడా ఇలాంటి విషయమే. ఈ శైలి సోఫాల్లో కూర్చునే భాగం చాలాసార్లు 15, 16 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. చూడడానికి అందంగా ఉంటుంది కాని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు అందులోంచి లేవలేరు. మేము 18 అంగుళాలకు పెంచి, లేచేటప్పుడు పట్టుకోవడానికి గట్టి చేతులు పెట్టించాము. కాళ్లు సన్నగా, కింద ఖాళీగా ఉండడం వల్ల పనిమనిషికి తుడవడం తేలిక. రోజూ తడి గుడ్డ తగిలే చోటు కాబట్టి కాళ్ల చివర ఇత్తడి తొడుగులు వేయించాము. ఆ పాత కుర్చీల మీద ఉండే ఇత్తడి తొడుగుల వెనుక ఇంత ప్రయోజనం ఉంది. పేము కుర్చీల అల్లిక ఒకటి రెండు చోట్ల తెగితే కొత్తగా అల్లించాము. వదులైనవాటికి అడుగు వైపు నీళ్లు చల్లి నీడన ఆరబెడితే మళ్లీ బిగుసుకున్నాయి. ఒక రోజ్‌వుడ్ కుర్చీని సన్నీవేల్‌కు తీసుకుపోదామని మా వారు ఆశపడ్డారు కాని, రోజ్‌వుడ్ జాతి మొత్తం 2017 నుంచి సైట్స్ ఒప్పందం (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) పరిధిలో ఉంది. ఆ కాగితాల పని తలుచుకుని కుర్చీని ఇక్కడే ఉంచాము.

నేల మీద విట్రిఫైడ్ టైల్స్ వేయించమని చెప్పినవారికి లెక్కే లేదు. పాలరాతి ముక్కలు, సిమెంటు, రంగు కలిపి పోసి, మధ్య మధ్య సన్నని గాజు పట్టీలు నిలిపిన ఆనాటి మొజాయిక్‌ను తిరిగి మిషన్‌తో అరగదీయించి పాలిష్ చేయించాము. ఆకుపచ్చ, లేత పసుపు చుక్కల మీద టేకు కాళ్లు నిలబడితే గది దానికదే కుదిరింది. ఐక్లర్ ఇళ్లలోలా నిలువెత్తు గాజు గోడ కావాలని నాకు ఉండేది కాని, ఆ గది పడమటి ముఖం. మేలో నలభై డిగ్రీలు దాటే ఎండను గాజులోంచి లోపలికి పిలవడం తెలివైన పని కాదు. సజ్జను, జాలీని అలాగే ఉంచి, తోట వైపు ఉన్న ఉత్తరపు కిటికీని మాత్రం వెడల్పు చేయించాము.

వంటింట్లో నేను చెక్క పట్టు విడిచిపెట్టాను. తిరగమోత నూనె, పసుపు మరకలు, సింకు తడి, వీటన్నిటికీ తడికి తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ మీద సాదా లామినేట్ సరిపోతుంది. హ్యాండిళ్లు మాత్రం మిగిలిపోయిన టేకు ముక్కలతో చేయించాము. పూజ గది తలుపులకు దీపపు మసి తుడవడానికి వీలుగా పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించాము, మిగిలిన తలుపులకు మెరుపు లేని పాలిష్ చాలనుకున్నాము. ఫినాయిల్ కలిపిన నీళ్లతో తలుపులు తుడవవద్దని ఇంట్లో అందరికీ చెప్పాము.

మేడ మీది రెండు గదుల అల్మరాలకు రంగు తీయించడం పూర్తయింది కాని పాలిష్ ఇంకా వేయలేదు. వాన గాలిలోని తేమకు మెలమైన్ పాలిష్ తెల్లగా పాలిపోతుందని మేస్త్రీగారు దసరా దాకా ఆగమన్నారు. అప్పటికి మేము సన్నీవేల్‌లో ఉంటాము కనుక, ఆ పనిని అత్తయ్యగారు దగ్గరుండి చూసుకుంటారు.